ముల్లు తీసిన చెయ్యి

మతోజీన్యుష్ రేవు పక్కన, డబ్బాల కార్ఖానాలో
ముప్పై ఒక్క ఏళ్ళు నా పని ఒకటే.
సార్డిన్ చేప వీపు బొటనవేలితో చీల్చి
వెన్నుముల్లు ఊడదీయడం.
తల దగ్గర పట్టి లాగితే
జడలోంచి రిబ్బను జారినట్టు వచ్చేసేది.
నిమిషానికి పన్నెండు.
బెల్మీర పద్నాలుగు తీసేది,
అని తనే చెప్పుకునేది.

డబ్బా మీద బంగారు రంగులో రాసుండేది:
తోలు లేదు, ముల్లు లేదు.
ఆ డబ్బాలు ఎవరెవరి బల్లల మీదికో ఓడెక్కేవి.
ముళ్ళు బకెట్లలోకి, బకెట్లు లారీలోకి,
లారీ కోళ్ళ దాణా మరకి.
ఆ ఏళ్ళలో మా ఊరి గుడ్ల పెంకులు
ఎంత గట్టిగా ఉండేవో!

మరి నేనేం తిన్నాను?
చీకట్లో సైరను, చీకట్లోనే ఇల్లు,
మధ్యలో ట్యూబులైట్లు.
ఎండని ఆదివారాలు బట్టల తీగ మీద చూసేదాన్ని.
పొద్దున నల్ల కాఫీ, రొట్టె ముక్క.
మధ్యాహ్నం రొట్టె, నల్ల కాఫీ.
రాత్రి చారు గిన్నె అడుగున మిగిలిన ఉప్పునీళ్ళు.
అందులో ఆకు పిల్లలకి,
పాలు కడగొట్టువాడు ఆమాదెవుకి,
చీజ్ ముక్క పడవ దిగి వచ్చిన ఆయనకి.
గ్రసియెత చేతికి ఎముక లేదు, అనేవారు వీధిలో.
గర్వంగా ఉండేది నాకు.

యాభై తొమ్మిదో ఏట, చేపల బజారు మెట్టు మీద,
తడైనా లేని మెట్టు,
ఊరికే కాలు జారి చెయ్యి ఊనాను.
చిటుక్కుమంది.
ముందు సంచీలో గుడ్లనుకున్నాను.

డాక్టరమ్మ ఫిలిం వెలుతురుకి ఎత్తి పట్టుకుంది.
ఉతికి ఉతికి నేత బయటపడ్డ దుప్పటిలా
నా మణికట్టు.
తర్వాత ఏదో యంత్రం కింద పడుకోబెట్టారు.
వీధిలోవాళ్ళు అన్న మాటే
అది అంకెల్లో చెప్పింది.
నెలసరి ఆగాక ఎముక త్వరగా పలచబడుతుంది, మందు రాస్తాను,
అంది ఆవిడ.
అంతకు ముందు ఇన్నేళ్ళూ దానికి ఏం పెట్టారు?
ఎముకకి ఆకలేస్తుందని నాకెవరు చెప్పారు!
ఏడవదు. అలగదు. గిన్నె చాచదు.
ఏడ్చినవాళ్ళ గిన్నెలే నింపాను నేను.
పోయిందంతా తిరిగి రాదట.
ఉన్నదాన్ని నిలుపుకోవచ్చట,
రోజూ ఇంత పెడితే, ఇంత నడిస్తే.

ఇవాళ కుర్చీ గోడవారగా ఎండలోకి జరుపుకున్నాను.
చారులో ఆకు ఈసారి నాకే.
పక్కన చవక డబ్బా, ముల్లు తియ్యనిది.
బెల్మీరకి తెలిస్తే పడీ పడీ నవ్వుతుంది.
ముల్లుని ముల్లుతోనే తియ్యాలంటారు గానీ
తీసేసిన ముల్లుని మళ్ళీ పెట్టుకోవడం ఎలాగో
ఎవరూ అనలేదు.
నమిలాను. తడి సుద్దలా నలిగిపోయింది.
ఇంత మెత్తనిదా
ఇన్నాళ్ళూ బకెట్లో వేసింది!

ఆమాదెవు వచ్చాడు. ముప్పై ఎనిమిదేళ్ళవాడు.
నిలబడే నల్ల కాఫీ తాగి వెళ్ళబోయాడు.
కూర్చోరా, అన్నాను.
అలవాటు కొద్దీ చెయ్యి పళ్ళెం దాకా వెళ్ళింది,
వాడివైపు జరపడానికి.
జరపలేదు.
అలమరలో ఇంకో డబ్బా ఉంది, నువ్వే తెరుచుకో,
నా చేతికి ఇంకా కట్టు విప్పలేదు, అన్నాను.