అరవై వేల ఏళ్ళు

ఇప్పుడు పర్లాకిమిడి అంటున్న ఊరికి
ఒక పూట నడక దూరంలో,
మహేంద్రతనయ వంపు తిరిగే చోట
అక్షశాలి నాగదేవుడి కొట్టం.
ఏ రాజు కాలమో అడక్కండి.
పిల్లలకి ఆ సంగతి అప్పుడూ తెలీదు.

ఆ పొద్దున వాళ్ళమ్మ
చెల్లెలి పురుడని ఏరు దాటి పోయింది.
ముసలమ్మకి చలిజ్వరం.
అంచేత రాగిరేకులూ, ఉలులూ, చోడి అంబలి ముంతా
ఒక భుజాన,
రెండో భుజాన మూడేళ్ళ గుండడు,
వెనకాల, చెయ్యి పట్టుకోనని మొండికేసి,
ఏడేళ్ళ రేవసాని.

"ఏటీ ముట్టుకోకండి" అన్నాడు తండ్రి.
అంటే ఏటేటి ఉన్నాయో
వాళ్ళు వెతుక్కోవడం మొదలెట్టారు.

రాగి తోమడానికి నానేసిన చింతపండు
సగం గుండడి కడుపులోకి పోయింది.
రేవసాని తిత్తి మీదెక్కి కూచుంటే
కొలిమి ఒక్కసారి ఆవులించి
నిప్పురవ్వలు కక్కింది.
మూల పడుకున్న పిల్లి
నెల దాకా మళ్ళీ కనబడలేదు.
కాలిన రేకు చల్లార్చాలి, నీళ్ళేవి అని తండ్రి అరిస్తే
గుండడు ఏటి దాకా పోలేదు.
తన దగ్గరున్నవే వాడేశాడు.
రేకు సుయ్యిమంది.
శాసనం మొదట ఉండే మంగళవచనం
తర్వాత దాని మీదే చెక్కారు.

రేపు పొద్దెక్కేలోగా మూడు రేకులు కావాలి.
ఎవరో పండితుడికి ఊరు దానం.
లేఖకుడు సిరాతో గీసిచ్చిన గీతల మీద
నాగదేవుడు ఉలి నడుపుతున్నాడు.
"తూర్పుకి చీమలపుట్ట. దక్షిణానికి నిలువురాయి.
పడమటికి జంట కానుగలు..."
"అయ్యా, మన మేక ఆ పుట్ట దగ్గరే మేస్తది. రాసినావా?"
"మేకని రాయరమ్మా."
"పుట్టని రాసినోళ్ళు మేకని రాయరేటి?"
ఈ ప్రశ్నకి లేఖకుడి దగ్గరా
జవాబు లేదని నా అనుమానం.

మూడో రేకు చివర శాపం వచ్చింది.
అక్షరం జారిపోకుండా తండ్రి పైకి చదువుకున్నాడు:
ఇచ్చిన నేలని లాక్కున్నవాడు
అరవై వేల ఏళ్ళు
పేడలో పురుగై పడుంటాడు.

గుండడు నవ్వడం మొదలెట్టాడు,
పడి పడి, చింతపండు ఎక్కిళ్ళతో సహా.
"పేడలోనా?" అంది అక్క.
"పేడలోనే."
"రాజుగారు రాయించినారా?"
"రాజుగారే."

ఇంత మంచి తిట్టు
వాళ్ళకి అంతదాకా దొరకలేదు.
బెల్లంముక్క లాక్కున్న తమ్ముడు పేడపురుగు.
జడ లాగినా పేడపురుగే.
నీడ జరిగి మీద పడితే ఎండ పేడపురుగు.
మధ్యాహ్నానికి ఆ కొట్టంలో
పురుగు కానిది సుత్తి ఒక్కటే.

అప్పుడొచ్చాడు అధికారి, గొడుగు కింద,
పని ఎంతదాకా వచ్చిందో చూడ్డానికి.
చూస్తూ చూస్తూ, అలవాటు కొద్దీ,
ఆకులో ఉన్న ఉలవ గుగ్గిళ్ళు
గుప్పెడు తీశాడు.
రేవసాని లేచి నిలబడింది.
"మాకిచ్చింది లాక్కుంటే
అరవై వేల ఏళ్ళు. పేడలో. రాజుగారు రాయించినారు."

నాగదేవుడి చేతిలో సుత్తి జారి
రేకు మీద టంగుమంది.
అధికారి గుప్పెడు వేపు చూశాడు.
పిల్ల వేపు చూశాడు.
గుగ్గిళ్ళు తిరిగి ఆకులో పోశాడు.
"లెక్కెట్టుకో" అన్నాడు.
లెక్కెట్టింది. ఒకటి తక్కువ.
ఆయన పంటి సందులోంచి తీసిచ్చాడు.
గుండడు దాన్నీ తినేశాడు.

సుత్తి పడ్డ చోట, శాపం చివర,
చిన్న సొట్ట.
ఎన్నడైనా ఏ నాగలికో తగిలి ఆ రేకు బయటపడితే
అది పూర్ణవిరామమా, పద్మమా అని
పెద్దవాళ్ళు వాదించుకుంటారు.

చీకటి పడ్డాక తల్లి ఏరు దాటి వచ్చింది.
పురుడు బాగా జరిగిందంటూనే ఉట్టి తడిమింది.
"నేను దాచుకున్న అరిసె ఎవరు తిన్నారు?"

పిల్లలిద్దరూ
ఒక్కసారే తండ్రి వేపు తిరిగారు.

అక్షశాలి నాగదేవుడు,
తన చేత్తో చెక్కిన మాట
గొంతులో అడ్డం పడి,
మెల్లిగా దీపం ఆర్పేశాడు.