తెర ఎనక

గుంతకల్లు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో
శనివారం రాత్రి అరవ సినిమా.
తెరకు ముందర స్టాఫోళ్ళ కుర్చీలు,
తెర ఎనక మేము, గోనెపట్టాలు పరుచుకోని.
మా దిక్కు హీరో ఎడమచేత్తో తాళి కట్టేవాడు,
పేర్లు తిరగబడి పడేవి.
నాకు అరవం రాదు గదా,
తిరగబడినా ఒకటే, సక్కంగున్నా ఒకటే.

గార్డు కొడుకు కదిరేశన్
కుర్చీ ఇడిసిపెట్టి ఈ పక్కకొచ్చేవాడు.
ఆ పేరుకు ఎవురికీ నోరు తిరక్క
"కదిరోడివా? మల్లెపూలు మూరెంత?" అని ఎగతాళి.
నా ఎనక జానెడు దూరాన కూసోని
గుసగుసగా తెలుగు చేసి చెప్పేవాడు,
'బ'లన్నీ 'ప'లు చేసి.

ఏమంటాండాడు?
"నువ్వు లేని ఊర్లో నీళ్ళు గూడా సప్పగుంటాయంట."
మా గుంతకల్లు నీళ్ళు ఉప్పు కషాయం.
సప్పగుంటే మేలే గదా అని నవ్వితి.

ఆ పాప ఏమంటాండాది?
"ఆలోచన చేస్తాందంట.
పొంగల్ లోపల చెప్తే పాగుంటాది."

కడాన పాప బండెక్కి ఎల్లిపాయ.
అందరూ ముక్కులు చీదుతాండారు.
"ఏం కాదు, రేపటి మెయిలుకు తిరిగొస్తాది" అన్నాడు.

ఎండాకాలం వాళ్ళ నాయనకు అరక్కోణం మారింది.
రెండు మూడు మెయిళ్ళు
నేనూ సూస్తి.

ఇప్పుడు స్టేషన్ బయట నాది ఉగ్గాని బండి.
మద్రాసు బండి దిగినోళ్ళకు బజ్జీలు అమ్మీ అమ్మీ
ఇరవై ఏండ్లకు అరవం అబ్బింది,
తిట్లు ముందు, లెక్కలు తర్వాత.

మొన్న మద్దేనం
పనిపిల్ల రమీజా ఫోన్లో ఆ సినిమా.
అవే మెట్లు, అదే చారల చొక్కా,
చెయ్యి మాత్రం కుడిది.
గరిటె ఆడనే ఆగిపాయ.

"మేడ మీద గది బాడుగెంత?
నీళ్ళు యాయేళకొస్తాయి?"
"పొద్దున ఐదుకు. అడ్వాన్సు తగ్గదు."

అంతే.
నీళ్ళ మాట ఒక్కటి నిజం.

"ఏమంటాండాడక్కా?" అనె రమీజా.
బాడుగ అడుగుతాండాడని
ఉన్నదున్నట్ల చెప్తి.
ఆ రెండోది చెప్పలే.
అది సినిమాలో లేదు.

బొరుగులు నానేసి శానాసేపాయ,
ముద్దయితాండాయి,
పిండాల.