విశేషాలు లేవు

మా గుమ్మం పక్కన మేకుకి
పాలిథిన్ సంచీలో ఒక బీటు పుస్తకం వేలాడుతుంటుంది.
తేదీ, టైము, సంతకం,
ఆఖరి గడిలో విశేషాలు.
జ్ఞానాపురంలో మా సందుకంతటికీ
నా లైటే చివర్న ఆరుతుందని
స్టేషను వాళ్లు దాన్ని నాకప్పజెప్పారు.
దర్జీవాడికి నిద్ర తక్కువని వాళ్లకెవరు చెప్పారో.

గవరయ్య కానిస్టేబులు ఉన్నన్నాళ్లూ
బండి దిగకుండానే సంతకం పెట్టేవాడు.
ఒక్కోసారి మూడు రాత్రుళ్లవి ఒకేసారి,
మూడు వేరు వేరు పెన్నులతో.
"నమ్మకం కలగాలి కదా మాస్టారూ" అని నవ్వేవాడు.
గడులన్నిట్లో ఒకటే మాట:
విశేషాలు లేవు.

ఆ ఏడాది మా సందులో కుళాయిల తలలు పోయాయి.
ఇత్తడివి.
ముందు ఫిలోమినమ్మ వాకిట్లోది,
తర్వాత చర్చి మలుపులోది,
ఆపైన వరసగా.
తెల్లారి నాలుగింటికి నీళ్లొదిలితే
ఎవరి బిందెలోకీ కాకుండా
రైలు పట్టాల దాకా పారిపోయేవి.
గుడ్డపేలికలు కుక్కాం. జామకర్ర బిరడాలు దిగ్గొట్టాం.
ఒకరి వాకిలి వైపు ఒకరం
అదోలా చూడ్డం మొదలెట్టాం.

ఎస్సైగారొచ్చి మీటింగు పెట్టారు. కుర్చీలు చాల్లేదు.
ఇంటికి మూడొందలు వేసుకుని కెమెరా కొన్నాం.
అది నెల్లాళ్లు రాత్రంతా మేలుకుని
ఒక గజ్జికుక్కనీ
పోర్టు మీంచి వచ్చే బొగ్గు దుమ్మునీ చూసింది.
తర్వాత ఆ దుమ్ము దాని కంట్లోనే పడింది.

అప్పుడొచ్చింది హోంగార్డు అసిరితల్లి.
బండి లేదు, నడకే.
లాఠీతో గేట్లు కొట్టదు. ఈల ఊదదు.
"ఈలూదితే దొంగకి నానెక్కడున్నానో తెలుత్తాది,
మీకేటి తెలుత్తాది?" అనేది.
ఎవరింట్లో దగ్గు, ఎవరికి నైట్ డ్యూటీ,
ఏ తలుపు గడియ వదులు,
ట్యూషనుకెళ్లిన ఏ పిల్ల కోసం
ఏ తల్లి వీధిలో నిలబడుతుందో
పది రోజుల్లో నేర్చేసుకుంది.
నా బల్ల మీద కూచుని, బూటులో రాయి దులుపుకుని,
వాచీ చూసి, ఉన్న టైమే రాసేది.
రెండూ పదిహేడు. రెండూ నలభై మూడు.
ఆ పుస్తకంలో మొదటిసారి
నిజం అంకెలు.

ఇక్కడ నేనొక మాట ఒప్పుకోవాలి.
నేను చూశాను.
ఒక రాత్రి, వానలో,
సూదిలోకి దారం ఎక్కిస్తూ తలెత్తితే
నా దగ్గర గుండీలు కుట్టిన ఏసుపాదం కొడుకు,
తొమ్మిదో క్లాసు,
రెంచి పట్టుకుని మోకాళ్ల మీద
కుళాయికి ప్రార్థన చేస్తున్నట్టు.
వాళ్ల నాన్న పోయి నలభై రోజులు కాలేదు.
వాడి ఒంటి మీది చొక్కా నేను కుట్టిందే,
ఎదుగుతాడని రెండంగుళాలు లోపల మడిచి.
నేను లైటు ఆర్పేశాను.
వాణ్ని కాపాడాననుకున్నాను.
ఆ తర్వాత పోయిన ఆరు కుళాయిల్లో
నాకూ వాటా ఉంది.

అసిరితల్లి నన్నేమీ అడగలేదు.
ఒకనాడు నేను కాజా కుడుతుంటే నా వేళ్ల వైపు చూస్తూ
"ఆ గుంటడి అరిచేతులు సిలుం వాసనేత్తన్నాయి మాస్టారూ" అంది.
"మీకూ ముక్కుంది గదేటి."
దారం తెగింది.

తర్వాతేం జరిగిందో సందులో తలో రకంగా చెప్తారు.
నాకు తెలిసింది ఇంతే:
కంచరపాలెం పాత ఇనప కొట్టు నుంచి
ఒక బియ్యం సంచీ వచ్చింది, అందులో నాలుగు తలలు.
మిగతావి అప్పటికే కరిగిపోయాయి.
వాటి డబ్బు నేను కట్టాను.
ఎందుకని ఎవరూ అడక్కపోవడం
అడిగినదానికంటే బరువుగా ఉంది.
వాడు అటు వెళ్తుంటే ఫిలోమినమ్మ
ఇప్పటికీ బిందె లోపల పెట్టేసుకుంటుంది.
ఆవిడ తప్పూ కాదు.

ఆ రాత్రి అసిరితల్లి పుస్తకం తెరిచి
పెన్ను మూత పళ్ల మధ్య పెట్టుకుని
ఆఖరి గడి దగ్గర చాలాసేపు ఆగిపోయింది.
అవతల కుళాయి దగ్గర వాడు,
అదే రెంచి,
కొత్త తల బిగిస్తున్నాడు, మర తప్పి, విప్పి, మళ్లీ.
"రాసెయ్యమంటారేటి?" అంది.
నేను మిషను మీది లైటు మెడ వంచి
వాడికి మర కనిపించేలా అటు తిప్పాను.

ఆమె టైము రాసింది. రెండూ ఇరవయ్యారు.
పక్క గడి ఖాళీగా వదిలేసింది.
ఆ కుళాయి
ఇప్పటికీ కొంచెం కారుతుంది.