కౌంటు

మా అమ్మ ఫిషింగ్ హార్బర్ షెడ్డులో
రొయ్యని అరచేతిలో వేసుకుని కౌంటు చెప్పేసేది.
ముప్పయ్యా, నలభయ్యా.
కౌంటు తగ్గేకొద్దీ రేటు పెరిగేది.

నేను సిరిపురంలో, నాలుగో అంతస్తులో
మైక్రోస్కోపు కింద, చల్లటి సెలైన్‌లో
గ్రాఫ్టులు లెక్కపెడతాను.
ఒంటివి, జంటవి, ఎప్పుడైనా మూడేసి వెంట్రుకలున్నవి.

పైడిరాజు గారిది డ్రెడ్జర్ మీద పని.
పెళ్ళినాటి ఫోటో తెచ్చాడు.
"అయిదు వేలు పెట్టీండమ్మా, డబ్బుకి చూడకండి."
డాక్టరు గారు వెనక పాయలు తీసి చూసి
"రెండు వేల రెండొందలు.
అంతకి మించి తీస్తే వెనక బోసిపోతుంది" అన్నారు.

ఆయన నావైపు చూశాడు.
బీచ్‌లో మీరు పోసే ఇసక ఎక్కడిదండీ, అన్నాను.
"అవుటర్ హార్బర్లో తోడిందే."
కొత్తగా పుట్టిందా?
నవ్వాడు. "పుట్టడమేటి! అక్కడిది ఇక్కడ."
కాసేపాగి తనే,
"వానల్లో సగం పోద్ది కూడాను."

మూడో వారంలో రాలతాయి, భయపడకండి.
కుదుళ్ళుంటాయి. ఏడాది పడుతుంది.
సుడి దగ్గర పల్చగానే ఉంటుంది,
ట్యూబులైటు కింద చర్మం కనిపిస్తుంది.
నుదుటి మీద గీత వస్తుంది గానీ
ఫోటోలో గీత కాదు.

సాయంత్రం బోర్డు మీద రాశాను:
రెండు వేల నూట ఎనభై ఏడు.

వదులు టోపీ నెత్తికి తగలకుండా పెట్టుకుని
లిఫ్టు దగ్గర ఆగాడు.
"ఆ పదమూడూ?"
వెనకే ఉన్నాయండీ, అన్నాను.
మీవే.