ముప్పై ఒకటి

రస్ అల్ ఖైమాలో నా కొలువు
రాళ్లు పగలగొట్టడం.
మా వడ్డెరోళ్లు తరతరాలుగా చేసిందే.
కాకపోతే సుత్తి లేదు, ఎండ లేదు.
ఏసీ గదిలో పచ్చరంగు మెషీను,
దాని దవడల మధ్య కాంక్రీటు దిమ్మ.
జానెడు కూడా ఉండదు, ఎటు చూసినా ఒకటే కొలత.
పైన మేకుతో గీసిన తేదీ, స్తంభం నెంబరు.
పగిలేదాకా ముల్లునే చూస్తాను.

వచ్చిన కొత్తలో నవ్వాను,
చుట్టూ ఇంత ఇసుక పెట్టుకుని
కొండను పిండి చేసి ఇసుక అంటారేమిటని.
షిబు సారు గుప్పెడు ఎడారి తీసి
నా అరచేతిలో పోశాడు. రుద్దమన్నాడు.
గాలి వేల ఏళ్లు దొర్లించిన గింజలు,
రాగుల్లా గుండ్రంగా, నున్నగా.
ఒకదాన్నొకటి పట్టుకోవు.
పట్టుకోవాలంటే మూలలుండాలి, గరుకుండాలి,
నిన్న మొన్న ఎక్కడో విరిగి ఉండాలి.
ఆ రాత్రి క్యాంపులో మా పన్నెండు మంచాల గదిని
కొంచెం వేరేగా చూశాను.

మా తాత గానుగ సున్నం తిప్పించేవాడు,
కరక్కాయ నీళ్లు, బెల్లం పోసి.
సున్నం గాలి తిని గట్టిపడుద్ది,
సిమెంటు నీళ్లు తాగి గట్టిపడుద్ది అనేవాడు.
ఎంత తాగాలో మాత్రం చెప్పలేదు.

ఆగస్టు. పగలు పోస్తే లారీలోనే బిగుసుకుంటుంది.
అందుకని రాత్రి రెండింటికి, ఐసు ముక్కలు కలిపి.
పసిపిల్లకు జ్వరం చూసినట్టు
థర్మామీటరు గుచ్చి చూశాను: ముప్పై ఒకటి. పాసే.
అది తుడుచుకునేలోపు
రాజలింగు డ్రైవరుకు సైగ చేశాడు,
డ్రమ్ములోకి నీళ్ల పైపు దూరింది.
కోన్ ఎత్తితే కుప్ప నిలబడలేదు, అంబలిలా జారింది.
లారీ వెనక్కి పంపాలి.
పంపలేదు.
గట్టి కాంక్రీటులో వైబ్రేటరు దించీ దించీ
వాచిన ఆ భుజానికి
రోజూ రాత్రి జండూబామ్ రాసేది నేనే.
కాగితం మీద నూట పది అని రాశాను.

ఏడో రోజు ఇరవై ఒకటి.
ఎవరికీ చెప్పలేదు. కొన్ని నిదానంగా పుంజుకుంటాయి.
ఇరవై ఎనిమిదో రోజు
ముప్పై ఒకటి, ముప్పై, ముప్పై ఒకటి.
నలభై రావాలి.

ఫోర్‌మన్ ఫత్హీ తలుపు మూశాడు.
"నలభై ఒకటి రాయి. ఆకాశమేం ఊడిపడదు."
నిజమే, పడకపోవచ్చు.
బరువు కాంక్రీటు మోస్తుంది, లాగుడు ఇనుము ఓర్చుకుంటుంది,
ఆ రెండూ సర్దుకుపోతాయి చాలాకాలం.
కానీ ఈ నేలలో ఉప్పుంది.
ఎక్కువైన నీళ్లు ఆరిపోతూ దారులు వదిలి వెళ్తాయి,
ఆ దారుల్లో ఉప్పు నడిచొస్తుంది.
ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది,
లోపలి నుంచే స్తంభాన్ని చీలుస్తుంది.
పదేళ్లకో పదిహేనేళ్లకో.
అప్పటికి మాలో ఒక్కడూ ఇక్కడుండడు.
పైన ఎవరో పిల్లను జోకొడుతుంటారు.

ముప్పై ఒకటి రాశాను.
తర్వాత పాత కాగితం తీసి
నూట పది కొట్టేసి, ఉన్నది రాశాను.
రెండు నెలల జీతం కోత. నాకు, రాజలింగుకు.

స్తంభం వాళ్ల చేతే పగలగొట్టించారు.
గుల్‌జమాన్ బయటపడ్డ కమ్మీలను
వైరు బ్రష్షుతో రుద్దుతూ పష్తోలో ఏదో అన్నాడు,
అర్థం కాలేదు, నాకే అని తెలిసింది.
రాజలింగు మంచం మార్చుకున్నాడు.
బామ్ డబ్బా నా దిండు కిందే ఉండిపోయింది.

మళ్లీ పోశారు. ఈసారి గట్టిగా.
మిట్టమధ్యాహ్నం సైటుకి వెళ్తే
కొత్త స్తంభానికి గోనెపట్టాలు చుట్టి
ఒక్కడే నీళ్లు కొడుతున్నాడు.
నన్ను చూసి పైపు ఆపలేదు.
చాలాసేపటికి, అటు తిరిగే,
"తిమ్మప్పా, ఒక్కసారి తట్టి చూడు.
మీ వడ్డెరోళ్లకు సప్పుడు ఎర్కయితదంట గద."

తడి గోనె పక్కకు జరిపి
వేలి కణుపుతో తట్టాను, చెవి ఆనించాను.
అతను పైపు నేలకు వంచి నిలబడ్డాడు.

"ఇప్పుడే చెప్పలేను," అన్నాను,
"మూడు రోజులే అయింది."