ఊదా సిరా

బల్లరాట్ ఊళ్లో డ్రైక్లీనింగ్ దుకాణం.
జూన్ చలికి అద్దాలన్నీ ఆవిరి.
శనివారాలు నేను చీటీలు కుట్టేదాన్ని,
మిసెస్ ఫెర్రాండ్ మరకలు చూసేది.
చూడ్డమంటే మామూలు చూపు కాదు.
కోటు కాలరు ముక్కుకి ఆనించి
ఇది వైను, ఇది నెత్తురు,
ఇది మొగుడికి చెప్పకూడనిది అని
మూడు కుప్పలు పెట్టేది.

తుప్పు మరకలకి పై అరలో ఒక సీసా,
ఆక్సాలిక్ ఆమ్లం. నన్ను ముట్టనిచ్చేది కాదు.
"దీంతో నేను మనుషుల్ని ఉతికాను" అంది ఒకసారి,
నవ్వకుండా.

ఆ తర్వాత ముక్కలు ముక్కలుగా తెలిసింది,
టీ చల్లారేలోపు ఒక ముక్క.
వియన్నా నుంచి పారిపోయిన యూదుల పిల్ల
గ్రనోబుల్‌లో పగలు మందుల షాపు సీసాలు కడిగి
రాత్రి అటక మీద కార్డుల్లో పేర్లు కడిగేది.
కోడి ఈక మొనతో, ఒక్కో చుక్క.
మెండెల్ పోయి మార్సెల్.
నామరూపాల్లేకుండా చేస్తామని
వాళ్లు ఇల్లిల్లూ తడుతుంటే
నామం తీసేసి రూపం దాచింది.
నిద్రలో పిలిచినా కొత్త పేరుకే పలకాలని
పసివాళ్లని లేపి లేపి నేర్పింది.

తన కార్డు అందరికన్నా చివర చేసుకుంది,
సిరా మిగిలిందని.
హెన్యా ష్ముక్లర్ అక్కడే ఆగిపోయింది.
ఒడెట్ ఫెర్రాండ్ ఓడెక్కింది.
ఆ దొంగ పుట్టినరోజుకే మేం కేకు కోసేవాళ్లం.
పౌరసత్వం ఇచ్చిన రోజు
టౌన్‌హాల్లో అందరూ కళ్లు తుడుచుకుంటుంటే
ఈవిడ కాగితం వెలుతురుకి ఎత్తి చూసి
"ముద్ర వంకర. మా దగ్గరైతే దీనికి ప్రాణాలు పోయేవి"
అందట ఆ గుమాస్తాతో.

ఎనభై ఏడులో లీల్ నుంచి ఉత్తరం వచ్చింది,
ఎవరో వడ్రంగి రాశాడు.
నాకప్పుడు మూడేళ్లు.
నా రేషన్ కార్డు మీద పేరు మీరే తుడిచారని
మఠంలో సిస్టరు పోతూ పోతూ చెప్పింది.
అదేమిటో చెప్పగలరా?

రెండు శనివారాలు ఆవిడ ఏ మరకా ముట్టలేదు.
మూడో శనివారం కవరు నాకిచ్చి పోస్టులో వెయ్యమంది.
ఏం రాశారని అడిగాను.

"గుర్తు లేదు నాయనా అని రాశాను.
రాత్రికి పదిహేను కార్డులు. పట్టుబడితే
నోరు జారుతుందని చదవకుండానే తుడిచేదాన్ని.
కానీ నీది ఊదా సిరా.
మిగతా వాళ్లవి నలుపు, ఊరికే పోయేవి.
నీది నాలుగుసార్లు తుడిచాను, పోనంది.
దీపానికి పెడితే ఇంకా తొంగి చూస్తూనే ఉంది.
తెల్లారిపోతోంది. ఏం చెయ్యను?
దాని మీద కాస్త జామ్ పులిమి పంపేశాను.
నా చేత్తో నేను వేసిన మరక అదొక్కటే.
ఆ కార్డు దాచుకుని ఉంటే
దాని కింద చూడు."

జవాబు వచ్చిందో లేదో నాకు తెలీదు.
ఆ వేసవికి నేను పని మానేశాను.
అడగాల్సింది.