ఎనిమిదిన్నర

పెదవాల్తేరు హాస్టల్లో పొద్దున్నే క్లాసు నాది.
గోడకి పళ్లెం బొమ్మ అంటించి
"టిఫిను మానేసినవాళ్లు చేతులెత్తండి" అన్నాను.
కిటికీలోంచి ఉప్పుగాలి. నలభై చేతులు.

ఒకమ్మాయికి రక్తం ఎనిమిదిన్నరట,
నవ్వుతూ చెప్పింది, సినిమా టికెట్టు ధర చెప్పినట్టు.

ఇనుము గురించి, మునగాకు గురించి
చాలాసేపే మాట్లాడాను.
వెనక బెంచీలో కొర్రా సుమిత్ర, పాడేరు పిల్ల,
స్టీలు సీసా మూత తిప్పుతోంది.

"ఏంటమ్మా అది?"
"చోడి అంబలి మేడమ్.
రూంలో నవ్వుతారని ఇక్కడ తాగుతున్నా."

నా బొమ్మలో అంబలి లేదు.
నా కడుపులోనూ ఏమీ లేదు,
సింధియాలో ఏడుంబావు బస్సుకి పరిగెత్తానుగా.

"నాకూ కాస్త పొయ్యవూ" అన్నాను.
పుల్లగా, చల్లగా, పంటికింద ఉల్లిముక్క.

పక్కమ్మాయి వాసన చూస్తానంది.
రెండో గుక్కకి
సీసా నా దాకా తిరిగి రాలేదు.